అయిదు దెబ్బల ప్లేటు

నాకు అనుమానం ఎక్కువ. దాచుకునేదేముంది? మా ఊళ్ళో పాలు పోసే బాలవ్వ చెంబులో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలిచిందో జారిందో చూసుకున్నాకే గిన్నె పట్టేవాణ్ణి. "వీడు అద్దంల మొఖం సూస్కున్నా, ఎన్కకెవడన్న ఉన్నడా అని తిరిగి సూస్తడు" అనేది మా అవ్వ. ఆ గుణమే దోహాలో నాకు అన్నం పెట్టింది. డెబ్బై తొమ్మిదిలో ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక ఇనుప పనుల వర్క్‌షాపులో నేను మార్కింగ్ ఫోర్‌మన్‌ని. పేరు హన్మాండ్లు, ఊరు ఆర్మూరు పక్కన.

మార్కింగ్ పనంటే ఏమిటో చెప్పాలి. నూనె డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. ఎటు చూసినా కట్టడాలే. కొత్త ఉక్కు ప్లేట్లు తెచ్చిన ఓడలు రేవు బయట వారాల తరబడి ఆగి ఉండేవి. అందుకని మా కంపెనీ విరగ్గొట్టిన ఓడల పాత ప్లేట్లు కొని, బాగుచేసి వాడేది. ప్రతి ప్లేటునూ ముందూ వెనకా చూసి సొట్ట, పగులు, రంధ్రం ఏది కనిపించినా చాక్‌పీసుతో దాని చుట్టూ గుండ్రం గీయడం నా పని. సాయంత్రం షిఫ్టు వెల్డర్లు వచ్చి గుండ్రంలో ఉన్నదాన్ని నింపి, గ్రైండింగ్ చేసి, రెండు వైపులా ఎర్ర రంగు పూసి నిలబెట్టేవారు. ఎందుకు, ఏమిటి అని ఒక్కడూ అడిగేవాడు కాదు. నా గుండ్రానికి అంత విలువ ఉండేది. నాకు దాని మీద గర్వం కూడా ఉండేది.

ఆ గురువారం పొద్దున లారీలోంచి రెండు వస్తువులు దిగాయి. ఒకటి రెండు చక్రాల పాత ఫిరంగి, సన్నటి పొడుగాటి గొట్టంతో. రెండోది రెండంగుళాల మందం ఉక్కు ప్లేటు, సగం మంచమంత ఉంది. అల్ తుమామా వైపు తోట ఉన్న ఖతరీ పెద్దాయన ఒకాయన పాత యుద్ధం సామాన్లు పోగుచేస్తాడట. ఈజిప్టు ఎడారిలో ఏరుకొచ్చిన వ్యాపారి దగ్గర ఈ రెండూ కొన్నాడు. ప్లేటు జర్మనీవాళ్ళ టాంకు ముందు పలక, ఫిరంగి దాన్ని కొట్టిన రకం. రెండింటికీ ఇనుప పీటలు చేసి బుధవారం ఇవ్వాలని మా మేనేజర్ ఇక్రాముద్దీన్ సాబ్ చెప్పాడు. ప్లేటు మీద అయిదు దెబ్బలున్నాయి.

మధ్యాహ్నం తిండి వేళ చూస్తే మక్బూల్ చాచా దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. చాచా మా స్టోర్ కీపరు. బోధన్ మనిషి, యాభై ఎనిమిదేళ్ళు. గేటు పక్క గదిలోనే ఉంటాడు, గేటు తాళం ఆయన దగ్గరే. పడుచుతనంలో ఇంగ్లీషువాళ్ళ మిలిటరీలో ఉన్నానని, ఈజిప్టు ఎడారిలో జర్మనీ టాంకుల మీద ఫిరంగి పేల్చానని ఎప్పుడూ చెప్పేవాడు. గల్ఫుకొచ్చిన ప్రతివాడూ ఊళ్ళో దొరబిడ్డనే అంటాడు. నేను ఒక్క ముక్క నమ్మలేదు.

"ఏంది చాచా, మీ సుట్టమా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "కూసో బేటా. గీ రెండు సొట్టలు సూడు. చుట్టూ సన్నగ గీతలు లేసినయ్ గదా? రెండు పౌన్ల గుండు పేల్చే చిన్న ఫిరంగి దెబ్బలివి. మాకిచ్చింది గా చిన్నదే, గీ లారీల వచ్చింది కాదు."

"తాకినయ్, లోపటికి పోలే."

"ఎట్ల పోతయ్? గీ పలక ముందు మొఖం గాజు లెక్క గట్టిగ జేస్తరు. ఎన్క మెత్తగుంటది. మా గుండు తాకంగనే మట్టిగడ్డ పగిలినట్టు పగిలిపోయేది. మాకిచ్చిన మిలిటరీ కితాబుల, గదే పుస్తకంల, ఏం రాసిండ్రు? అయిదు నూర్ల గజాలకాడ రెండంగుళాల ఉక్కుల దూసుకపోతది అని రాసిండ్రు. రాసినోడు మామూలు ఉక్కు మీద పేల్చి రాసిండు. జర్మనోడు మామూలు ఉక్కు పెట్టలే గదా!"

ఆ మాట నాకు నచ్చింది. కాగితం మీద రాసిన లెక్కలంటే నాకూ పడదు. అయినా మొహం మీద చూపించలేదు.

"ఇగ మూడోది సూడు. లోపట నల్లగ ఏమన్న కనబడ్తుందా?"

వంగి చూశాను. లోతుగా గుంట పడింది. అడుగున బొటనవేలంత నల్ల ముద్ద ఒకటి ఇరుక్కుని ఉంది.

"గుండు ముక్కు. అది గూడ రెండు పౌన్లదే. కని నూరు గజాలకాడ కొట్టింది. టాంకును అంత దగ్గరికి రానిచ్చి కొట్టినోడు రెండో గుండు పెట్టి ఉండడు బేటా. వానికి అంత టైం ఇయ్యరు." చాచా వేలితో ఆ ముద్దను తడిమాడు. "మా హవల్దారు జియావుద్దీన్ ఉండె. కితాబు మీద అంత నమ్మకం ఆయనకు. అయిదు నూర్ల గజాలకాడ కొట్టమన్నడు, కొట్టినం. నాలుగు గుండ్లు పగిలినయ్. 'కితాబు అబద్ధం రా, దగ్గరికి రానీండ్రి' అన్నడు. రానిచ్చినం. నూరు గజాలకాడ ఆయనే పేల్చిండు. తాకింది చూసిన. లోపటికి పోయిందా లేదా చూడలే. మరుసటి ఘడియల మా ఫిరంగి లేదు, ఆయన లేడు. నేను కైరో దవాఖానల లేసిన. ఆ గుండు ఏమైందో ముప్పై ఏడేండ్ల సంది నాకు తెల్వదు."

"గిది గదే గుండు అంటవా?"

"అనను. అట్లాంటివి ఎన్ని ఉన్నయో అల్లాకు ఎరుక. కని ఇట్లనే ఉంటది."

తర్వాత నాలుగోదీ అయిదోదీ చూపించాడు. అవి రెండూ పూర్తిగా ఇవతలి నుంచి అవతలికి పోయిన రంధ్రాలు. ఆరు పౌన్ల ఫిరంగివట, లారీలో వచ్చిన ఫిరంగి ఆ రకమేనట. నాలుగోది సూటిగా తాకింది కాబట్టి ముందు గుండ్రంగా, వెనక పెచ్చు లేచిపోయి ఉంది. అయిదోది పక్కనుంచి వచ్చింది కాబట్టి కోడిగుడ్డులా సాగింది. "గీ ఫిరంగి మాకు ఒక్క నెల ముందు ఇచ్చి ఉంటే జియావుద్దీన్ ముసలోడయ్యేటోడు" అన్నాడు. చివరికి ప్లేటు నిమురుతూ, "ఆ పెద్దాయన గిది నాకిస్తే బాగుండు" అని గొణిగాడు.

ఆ ఆఖరి మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

కథ బాగుంది. బాగుంది కాబట్టే నాకు అనుమానం వచ్చింది. అబద్ధం చెప్పేవాడు ఒకే అబద్ధాన్ని రెండుసార్లు ఒకేలా చెప్పలేడు, ఎక్కడో తడబడతాడు. శనివారం ఇదే ప్లేటు ముందు నిలబెట్టి, వరస తప్పించి అడగాలనుకున్నాను. జేబులోంచి చాక్‌పీసు తీసి ఒక్కో దెబ్బ చుట్టూ గుండ్రం గీసి ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వేశాను.

"పరీక్షనా?" అన్నాడు చాచా.

"శనివారం మల్ల అడుగుత. ఇదే చెప్పాలె."

"మల్ల అడిగితే మల్ల చెప్త" అన్నాడాయన.

ఆయన చెప్పినదంతా మనసులో ముక్కముక్కా అప్పజెప్పుకున్నాను, శనివారం పట్టుకోవడానికి. ఇంతలో గంట మోగింది. సాయంత్రం దిగేముందు క్రేన్ వాడితో ప్లేటును గోడవారకు, పాత ప్లేట్ల వరసకు ఆనించి బస్సెక్కాను. శుక్రవారం సెలవు.

శనివారం పొద్దున వచ్చేసరికి ప్లేటు లేదు.

సరిగ్గా చెప్పాలంటే, ఆ జాగాలో ప్లేటు ఉంది. ఎర్ర రంగు పూసిన నున్నటి ప్లేటు. దెబ్బ లేదు, గుంట లేదు, రంధ్రం లేదు. మేము స్తంభాల కింద వేసే రెండంగుళాల ప్లేట్లు అలాంటివి వర్క్‌షాపు నిండా ఉన్నాయి. నా నెత్తిన నిప్పులు పోసినట్టయింది.

"మార్చిండ్రు సాబ్!" అని అరుస్తూ మేనేజర్ గదిలోకి ఉరికాను. "మన ప్లేటు ఒకటి ఆడ పెట్టి అసలుది మాయం జేసిండ్రు!"

ఇక్రాముద్దీన్ సాబ్ హైదరాబాద్ మనిషి. మెల్లగా మాట్లాడతాడు, అందుకే అందరికీ భయం. వచ్చి చూశాడు. "ఇంత బరువు ప్లేటు జేబులో పెట్టుకుని పోరు కదా. క్రేన్ కావాలి, లారీ కావాలి, గేటు తెరవాలి. గేటు తాళం ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

నాకు చెప్పే అవసరం లేకపోయింది. అందరూ చాచా వైపే చూశారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేశాననుకున్నాను.

"గురువారం సాయంత్రం ఎక్కడున్నవ్ చాచా?" అని నేనే అడిగాను.

"ఊళ్ళకు, అల్ మన్సూరాకు పోయిన. తాళం రాజన్న షిఫ్టోళ్ళకు ఇచ్చి పోయిన."

"మన్సూరాల ఏం పని?"

చాచా తన గది వైపు ఒకసారి చూశాడు. తల దించుకున్నాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది సాబ్!" అన్నాను గట్టిగా, నలుగురికీ వినపడేలా. గురువారం ఆ ప్లేటు తనకిస్తే బాగుండునన్న సంగతి కూడా చెప్పాను. ఆ సాయంత్రం షిఫ్టు వెల్డరు రాజన్న మా ఊరివాడు, వాడూ వాడి జతగాళ్ళూ శుక్రవారం తెల్లారే ఉమ్ సయీద్ సైటుకు వెళ్ళారు, మంగళవారం గానీ రారు. రాజన్న సంగతి ఎవరో ఎత్తితే "మా రాజన్నకు నేను జిమ్మ, పూచీ నాది" అని నోరు మూయించాను.

చాచా పెట్టె తెరిపించారు. రెండు జతల బట్టలు, ఒక తెల్లటి కొత్త గుడ్డల జత, గుడ్డలో చుట్టిన ఉక్కు ముక్క. గోరంత ముక్క, అంచులు పదునుగా ఉన్నాయి. "ఇగో!" అన్నాను.

"అది నా భుజంలకెల్లి తీసిండ్రు" అన్నాడు చాచా. "కైరోల. డాక్టరు నాకే ఇచ్చిండు."

నేను నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ తెల్లబట్టల అడుగున ఒక కాగితం కూడా దొరికింది. అది చూసి సాబ్ ముఖం మారింది. హజ్ బస్సు కాగితం. బుధవారం మధ్యాహ్నం దాటాక చదివే అసర్ నమాజ్ అయ్యాక అల్ మన్సూరా నుంచి బయల్దేరి, సల్వా దగ్గర సౌదీ బార్డరు దాటి మక్కా పోయే బస్సులో మక్బూల్ పేరు రాసి ఉంది. "నాలుగేండ్ల సంది అనుకుంటున్న సాబ్" అన్నాడు చాచా. "ముందుగాల్నే అడిగితే లీవు లేదంటరేమోనని పేరు రాయించినంక అడుగుదామనుకున్న. గురువారం గందుకే పోయిన. ఇంకో ఏడు ఉంటనో లేదో."

సాబ్ ఆ కాగితం మడిచి చాచా చేతికిచ్చాడు. పాస్‌పోర్టులన్నీ ఆయన సొరుగులోనే ఉంటాయి. "బుధవారం పొద్దున ఖతరీ పెద్దాయన వస్తాడు" అన్నాడు. "ఆలోగా ప్లేటు దొరికితే నీ పాస్‌పోర్టు నీ చేతికిస్తా, వెళ్ళిరా. దొరక్కపోతే పోలీసులకు చెప్పక తప్పదు. అప్పుడు బార్డరు కాదు కదా, నువ్వు ఈ గేటు కూడా దాటలేవు."

చాచా ఆ తెల్లబట్టలు మడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. అయినా దొంగ మీద జాలేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. హజ్ పేరు చెప్పుకుని సామానుతో బార్డరు దాటితే మళ్ళీ ఎక్కడ దొరుకుతాడు?

ఆదివారం మధ్యాహ్నం చాచా నన్ను పిలిచాడు. "జర రా హన్మాండ్లూ. గీ ఎర్ర ప్లేటు చప్పుడు జేస్తుంది."

"ప్లేటు మాట్లాడ్తుందా? నీ లెక్క కతలు చెప్తుందా?"

"మజాక్ కాదు. నిన్న తెల్లారుజామున ఫజర్ నమాజ్‌కు లేసినప్పుడు విన్న, ఇయ్యాల విన్న. టక్కుమంటది, మల్ల ఊకుంటది. మన ప్లేట్లు ఎప్పుడన్న గిట్ల చేసినయా? హన్మాండ్లూ, ప్లేటు ఎవ్వరు మార్చలే. గిది గదే."

"మరి రంధ్రాలు యాడికి పోయినయ్? పెంటికల లెక్క రాలిపోయినయా?"

 ఆయన మళ్ళీ ప్లేటుకు చెవి ఆనించాడు. తలకాయ చెడిందనుకుని వచ్చేశాను.

కానీ నా గుణం నన్ను ఊరుకోనివ్వదు కదా. అందరూ తిండికి వెళ్ళాక ఆకురాయి పట్టుకుని వెళ్ళాను. ముసలాయన మాట తప్పని తేల్చి నోరు మూయించాలని. ప్లేటు మూల మీద పెట్టి గట్టిగా రుద్దాను. రంగు లేచిపోయింది. కింద ఉక్కు మీద గీత పడలేదు. మళ్ళీ బరువంతా వేసి రుద్దాను. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఇనుముతో బతుకుతున్నవాణ్ణి, మామూలు ప్లేటయితే పొడి రాలాలి.

"ముందు మొఖం గాజు లెక్క గట్టిగ జేస్తరు" అన్న మాట గుర్తొచ్చింది.

ఎవరికైనా చెప్పానా? లేదు. దొంగ తెలివైనవాడు, ఇంకెక్కడో ఇలాంటి గట్టి ప్లేటే తెచ్చి పెట్టి ఉంటాడని అనుకున్నాను. అనుమానానికి సిగ్గుండదు. ఒక దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటుంది.

సోమవారం ఆ ఎర్ర రంగు మీద వెంట్రుక లాంటి గీత ఒకటి లేచింది. వంపు తిరిగి ఉంది. ఇంకాస్త దూరం పోయి ఉంటే గుండ్రమయ్యేది.  పక్కనున్న డబ్బాలో బ్రష్షు ముంచి ఆ గీత మీద ఎర్ర రంగు ఒక పూత పూశాను. ఎందుకు పూశానో అప్పుడు అడిగితే చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు చెబుతున్నాను, భయంతో.

మంగళవారం సాయంత్రం అయిదింటికి ఉమ్ సయీద్ నుంచి కంపెనీ బస్సు వచ్చింది. రాజన్న దిగీ దిగగానే నన్ను చూసి పళ్ళికిలించాడు. "అన్నా, ప్లేటు మంచిగైందా?" అన్నాడు.

"ఏ ప్లేటు?"

"గదే, నువ్వు గుండ్రాలు గీసిన మందం ప్లేటు. అయిదు గుండ్రాలు. అబ్బో, దాన్ని నింపుడు తోని సచ్చిపోయిన. రెండు పెద్ద బొక్కలకు బిళ్ళలు కోసి కూసోబెట్టి చుట్టూ వెల్డింగ్ చేసిన. ఒకదాంట్ల ఇనుప ముద్ద ఇరుక్కుంది, ఎంత పొడిచినా రాలే, దాని మీదనే నింపిన. మస్తు రాడ్లు తిన్నది. కని సూసినవా, గ్రైండింగ్ ఎంత నున్నగ కొట్టిన! చెయ్యి పెడితే జారాలె. మంచిగైందా అన్నా?"

వాడి ముఖంలో ఎంత సంతోషమో! నేను మెచ్చుకుంటానని ఎదురు చూస్తున్నాడు. 

గుండ్రాలు నేను గీసినవే. చాచా అబద్ధం పట్టుకోవడానికి గీసినవి. మా వర్క్‌షాపులో నా గుండ్రానికి ఒకే పని ఉంది, దాన్ని నేనే నేర్పాను, ఎందుకని అడగొద్దని కూడా నేనే నేర్పాను. గట్టి ఉక్కును ముందుగా వేడి చేయకుండా మామూలు రాడ్డుతో నింపితే లోపల్లోపల పగులుతుంది, రెండు మూడు రోజుల దాకా టక్కుటక్కుమంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. చాచా చెవి ఆనించి విన్నది అదే. దొంగ దొంగ అని నాలుగు రోజులు ఊరంతా అరిచాను. భుజాలు తడుముకోవడం ఇప్పుడు నా వంతు.

"మంచిగైంది. పో, స్నానం చెయ్యి" అన్నాను రాజన్నతో.

మేముండే కంపెనీ క్యాంపులో నా మంచం మీద కూర్చున్నాను. ఏ పాపం చేసినా అక్కరకొచ్చే ఆలోచనలు ముందు వస్తాయి. చాక్‌పీసు గీతలు రంగు కింద పోయాయి, సాక్ష్యం లేదు. నేను గీయలేదంటే రాజన్న మాట ఎవడు నమ్ముతాడు? వాడు నా ఊరివాడు, నాకెదురు చెప్పడు. లేదూ, ఒక్కరోజు నోరు మూసుకుంటే చాలు. రేపు సాయంత్రానికి హజ్ బస్సు ఆయన లేకుండానే వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఏదో ఒకటి. నిజం చెబితే నేను ఇంటికే. అక్కడ నా పెళ్ళాం చిన్నవ్వ, ముగ్గురు పిల్లలు నా మీదే ఉన్నారు. ఇలా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను, సిగ్గులేని మనిషిని.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజ్ అయ్యాక తలుపు దగ్గర చప్పుడైంది. మక్బూల్ చాచా. హజ్‌కు పోయేవాళ్ళు బయల్దేరేముందు తెలిసినవాళ్ళందరి దగ్గరికీ వెళ్ళి మాఫీ అడుగుతారు. క్యాంపులో గది గదికీ తిరుగుతున్నాడట. పాస్‌పోర్టు లేదు, రేపు పోలీసులొస్తారో బస్సొస్తుందో తెలియదు. అయినా తిరుగుతున్నాడు.

"హన్మాండ్లూ, కహా సునా మాఫ్ కర్నా బేటా" అన్నాడు. "నా నోట నిన్ను ఎప్పుడన్న ఏమన్న అంటే మనసుల పెట్టుకోకు. నా పోకడ మంచిగుండక నీకు అనుమానం వచ్చిందేమో. మన్సూరాకు ఎందుకు పోయిన్నో ముందుగాల్నే చెప్తే అయిపోతుండె."

నన్ను చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. మాఫ్ చేశాననాలి, అది ఆచారం. నోరు పెగల్లేదు. ఆయన కాసేపు నిలబడి చూసి, నేను ఇంకా కోపంగా ఉన్నాననుకుని, మెల్లగా వెళ్ళిపోయాడు.

బుధవారం పొద్దున నేనే సాబ్ గదిలోకి వెళ్ళాను. చాచాను, రాజన్నను పిలిపించమన్నాను. గుండ్రాలు ఎందుకు గీశానో, ఆకురాయి జారిందని తెలిసి కూడా ఎలా దాచానో, పగులు మీద రంగు ఎలా పూశానో అంతా చెప్పాను. రాజన్న తెల్లబోయాడు. "గట్లనా అన్నా? మరి నిన్న మంచిగైందన్నవ్?" అన్నాడు పాపం.

ఇక్రాముద్దీన్ సాబ్ నన్ను కిందికీ పైకీ చూశాడు. "ముసలాయన్ని కాపాడటానికి చెప్తున్నావేమో? నిన్నటిదాకా దొంగన్నావ్, ఇవాళ కాదంటున్నావ్. నేనెలా నమ్మాలి?"

నా జన్మలో నా మాట అనుమానించిన మొదటివాడు ఆయనే. ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"రంగు తీయకముందే చెప్త సాబ్" అన్నాను. కళ్ళు మూసుకుని అప్పజెప్పాను. ఎడమ పైన ఒకటి, దాని కింద రెండు, నాలుగు వేళ్ళ వెడల్పు సొట్టలు, రెండు పౌన్ల ఫిరంగివి, గుండు పగిలింది. నడుమ మూడు, నూరు గజాలది, ముక్కు లోపలే ఉంది. కుడివైపు నాలుగు, సూటిగా పోయింది. దాని పక్కన అయిదు, కోడిగుడ్డులా ఉంటుంది. చాచాను పట్టుకోవడానికి నేర్చుకున్న పాఠం ఆయన కోసం అప్పజెప్పాల్సి వచ్చింది.

రాజన్న గ్రైండర్ పెట్టి ఎర్ర రంగు లేపాడు. నేను చెప్పిన అయిదు చోట్లా, చెప్పిన కొలతల్లో, పగులు గీతలు చుట్లు చుట్టి ఉన్నాయి. నాలుగు గుండ్రం, ఒకటి కోడిగుడ్డు.

సాబ్ మమ్మల్ని తన గదిలోకి తీసుకెళ్ళాడు. సొరుగు తెరిచి చాచా పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టాడు. తర్వాత నా దగ్గరకొచ్చి నా చొక్కా జేబులోంచి చాక్‌పీసు తీసి బల్ల మీద పెట్టాడు. "మార్కింగ్ ఇంక నీకొద్దు. గ్రైండింగ్‌లోకి పో. ఉంచాలో పంపాలో పెద్దాయన వచ్చాక చూస్తా" అన్నాడు.

పదింటికి ఖతరీ పెద్దాయన వచ్చాడు. సాబ్ అరబ్బీలో అంతా చెప్పాడు. పెద్దాయన ప్లేటు మీద చేయి వేసి చూసి, "ఖలాస్" అన్నాడు, అంతే. ఫిరంగిని తీసుకుని వెళ్ళిపోయాడు. మమ్మల్ని ఏమీ చేయలేదు. ప్లేటు మా గోడవారనే ఉండిపోయింది.

అసర్ అయ్యేసరికి కంపెనీ బస్సు పట్టుకుని అల్ మన్సూరా చేరాను. వీధి నిండా జనం. హజ్ బస్సు నెత్తిన పరుపులు, నీళ్ళ డబ్బాలు కట్టారు. చాచా కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"చాచా, నిన్న నువ్వు అడిగినప్పుడు నోరు రాలే" అన్నాను. "మాఫీ నేనడగాలె. నిన్ను దొంగన్న. నీ హజ్ ఆపబోయిన. కాళ్ళు మొక్కుత, మాఫ్ జెయ్యి." నలుగురిలో ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఆయన కిటికీలోంచి చేయి చాపి నా తల మీద పెట్టాడు. "ఎప్పుడో చేసిన బేటా. నిన్న నీ రూములకెల్లి బయటికి వచ్చినప్పుడే."

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను కిటికీ వదల్లేదు.

"చాచా, ఆ అయిదు దెబ్బలు మల్లొక్కసారి చెప్పు."

"ఇంక అనుమానమేనా నీకు?"

"అనుమానం కాదు. ప్లేటు మీద ఇంక ఏం లేవు గద. మర్సిపోతనేమోనని."

చాచా నన్నే చూశాడు. తర్వాత వేలు మడిచి మొదలుపెట్టాడు. "ఒకటి, రెండు, మా ఫిరంగివి. పగిలినయ్. మూడోది..." అక్కడ ఆగాడు. "మూడోది నూరు గజాలకాడికెల్లి. ముక్కు లోపల్నే ఉంది. రాజన్న తీయలేకపోయిండు, జర్మనోడు తీయలేకపోయిండు."

అప్పటికే బస్సు కదిలింది. కొంతదూరం వెంట నడిచాను, తర్వాత అందలేదు. మిగతా రెండూ వీధిలో నిలబడి నేనే చెప్పుకున్నాను.